రోజుకు ఐదు నిమిషాలు

రోగికి జ్వరం ఎంత ఉంది, నాడి ఎంత కొట్టుకుంటోంది, ఎన్ని సీసాల సెలైన్ ఎక్కింది అని చార్టులో వేళ తప్పకుండా రాస్తాం. డ్యూటీ మారేటప్పుడు ఒక్కొక్క మంచం దగ్గర నిలబడి, వచ్చిన సిస్టరుకు అన్నీ అప్పగిస్తాం. కాని ఈ రోజు మనం ఎలా పనిచేశాం, ఎవరితో ఎలా మాట్లాడాం అన్న లెక్క మాత్రం మనకు మనం కూడా చెప్పుకోం. యూనిఫారం విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోతాం.

చాలా ఏళ్ళ క్రితం మేము వేరే ఊళ్ళో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నప్పటి సంగతి ఇది. ఆడవాళ్ళ వార్డులో ఒకే పేరు గల ఇద్దరు రోగులు ఉండేవారు. ఒకరికి ఇన్సులిన్ ఇవ్వాలి. సాయంత్రం హడావిడిలో మంచం నంబరు చూసుకుని సిరంజితో వెళ్ళాం. మధ్యాహ్నం మంచాలు మార్చిన సంగతి గమనించలేదు. "నాకు షుగర్ లేదు కదమ్మా" అని ఆమె అనబట్టి సరిపోయింది. మారు మాట్లాడకుండా చేయి చాపి ఉంటే ఏమయ్యేదో నర్సులకు వేరే చెప్పనక్కరలేదు.

భయం, సిగ్గు. ఎవరికీ చెప్పలేదు. వారం రోజులు మమ్మల్ని మేమే తిట్టుకుంటూ నిద్ర పాడుచేసుకున్నాం. దానివల్ల వార్డులో ఏమీ మారలేదు. చివరికి ఒక పెద్ద సిస్టరుగారు మా ముఖం చూసి, పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడిగారు. ఏం జరిగింది? ఎందుకు జరిగింది? రేపు ఏం మారుస్తావు? మూడో ప్రశ్న దగ్గర దారి కనబడింది. మంచం నంబరు మనిషి గుర్తు కాదు. మర్నాటి నుండి పేరు రోగి నోటనే చెప్పించి, కేస్ షీటులో పూర్తి పేరు, ఐ.పి. నంబరు సరిచూశాకే మందు ఇచ్చాం.

ఆత్మపరిశీలన వేరు, ఆత్మనింద వేరు అని మేము ఆనాడు నేర్చుకున్నాం. నింద నిన్నటి దగ్గరే ఆగిపోతుంది. పరిశీలన రేపటికి ఒక పని చెబుతుంది.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. నర్సింగ్ విద్యలో వాడే గిబ్స్ పద్ధతి 1988లో వచ్చింది. జరిగినదానితో మొదలై, ఇకపై చేయవలసిన పనితో ముగిసే ఆరు మెట్లు అందులో ఉన్నాయి. బ్రిటన్‌లో 2016 నుండి నర్సులు మూడేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవాలంటే ఇటువంటి అయిదు అనుభవాలు రాసి ఉండాలి. అక్కడ పనిచేస్తున్న మన తెలుగు సిస్టర్లకు ఇది తెలిసిన విషయమే. బెంగళూరులోని విప్రోలో శిక్షణ పొందుతున్న కొందరు ఉద్యోగుల చేత 10 రోజులపాటు సాయంత్రం 15 నిమిషాలు ఆనాడు నేర్చుకున్నది రాయించారు. రాయనివారికంటే వారికి చివరి పరీక్షలో సుమారు 23 శాతం ఎక్కువ మార్కులు వచ్చాయని 2014లో హార్వర్డ్ పరిశోధకులు తెలిపారు.

తీరిక ఎక్కడిది అంటారు. టీ చల్లారేంత సేపు చాలు. పడుకునే ముందు చిన్న నోటుపుస్తకంలో ఆ మూడు ప్రశ్నలకు తలా ఒక వాక్యం రాయండి. ఆనాడు చేసిన ఒక మంచి పని కూడా రాయండి. రోగుల పేర్లు మాత్రం రాయకూడదు. ఈ అలవాటు నర్సులకే కాదు. షుగర్, బి.పి. ఉన్నవారు మాత్ర ఎందుకు మరిచిపోయామో, ఎవరి మీద ఎందుకు కేకలు వేశామో రాసుకుంటే నెల తిరిగేసరికి కారణం వారికే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. రాసినకొద్దీ దిగులు పెరుగుతూ ఉంటే, రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తగ్గి ఉంటే పుస్తకం మూసి డాక్టరును కలవండి. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పై అధికారులుగా మా బాధ్యత కూడా ఒకటుంది. డ్యూటీ చివర ఆ అయిదు నిమిషాలు మనమే ఇవ్వాలి. ఆ పుస్తకం చూపించమని అడగకూడదు. అయితే రోగికి సంబంధించిన పొరపాటు పుస్తకంలో దాగకూడదు, వెంటనే పైవారికి చెప్పాలి. చెప్పినవారిని అందరి ముందు తిడితే రెండోసారి ఎవరూ చెప్పరు. ఆనాడు మేము మౌనంగా ఉండడం మా రెండో తప్పు. ఆ వార్డులో మిగతా సిస్టర్లు ఇంకా మంచం నంబరు చూసే ఇంజెక్షన్ ఇస్తున్నారని మాకు తెలుసు. తెలిసీ చాలా రోజులు నోరు విప్పలేదు. ఆ మాట ఈ రోజు మొదటిసారి రాస్తున్నాం.