తేదీ చూడని జాతకం

కంప్యూటర్‌తో బొమ్మలు గీయించే కళ కొత్తదేమీ కాదు. 1965లోనే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గియోర్గ్ నేస్ అలాంటి బొమ్మలను ప్రదర్శనకు పెట్టాడు. కళాకారుడు నియమాలు రాసి, కొంత భాగాన్ని యాదృచ్ఛిక సంఖ్యలకు వదిలేస్తాడు. నడిపిన ప్రతిసారీ కొత్త బొమ్మ వస్తుంది. రాశి ఫలాల గుట్టు చూపించడానికి ఇంతకన్నా తగిన కళ లేదు.

అలాంటి ప్రదర్శనకు ప్రాసెసింగ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. చూడవచ్చినవారు పుట్టిన తేదీ, సమయం, ఊరు ఇస్తారు. తెరమీద పన్నెండు గళ్ల రాశిచక్రం రంగురంగులుగా విచ్చుకుంటుంది. కింద ఫలం: "మీరు చేసిన మేలును అయినవాళ్లే గుర్తించడం లేదు. శని ప్రభావం తగ్గుతోంది. ఉగాది దాటాక చిక్కులు విడిపోతాయి." మొదటి వాక్యాలు 12, నడిమివి 12, చివరివి 12 రాసి పెట్టుకుంటే 1,728 ఫలాలు తయారు. ఇచ్చిన తేదీని ప్రోగ్రాం చూడనే చూడదు. ఆ సంగతిని చివర్లో కోడ్‌తో సహా చూపించి తీరాలి. దాచిపెడితే కళాకారుడూ మోసగాడే అవుతాడు.

ఇంత తేలిగ్గా ఎందుకు నమ్ముతాం? 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్ట్రామ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు ఒకే వర్ణన ఇచ్చి, ఎవరిది వారికే రాశానని చెప్పాడు. తమకు అది ఎంత సరిపోయిందో చెప్పమంటే సగటున 5కు 4.26 మార్కులు వేశారు. అందులో ఎక్కువ వాక్యాలు జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవే. మాటలో ఖాళీ ఉంటే, మన బతుకుతో దాన్ని మనమే పూరించుకుంటాం.

మన దేశంలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం మహారాష్ట్రలో మరో పరీక్ష పెట్టింది. చురుకైన పిల్లల జాతకాలనూ, మానసిక ఎదుగుదల లోపించిన పిల్లల జాతకాలనూ కలిపి, ఏది ఎవరిదో చెప్పమంది. 27 మంది జ్యోతిష్కులు తలా 40 జాతకాలు చూశారు. సరైన జవాబులు 46 శాతం. నాణెం ఎగరేసినా ఇంచుమించు అంతే వచ్చేది.

ఉద్యోగం రాని కొడుకు, తగ్గని జబ్బు ఉన్న ఇంట్లో ఒక మంచి మాట కోసం చెవులు తపిస్తాయి. ఆ తపనను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. దాన్ని సొమ్ము చేసుకునేవాళ్లనే నిలదీయాలి. మంచి మాట చెప్పిన ఆ నోరే రేపు కుజదోషమంటుంది, శాంతి చేయించమంటుంది. ఎందరో ఆడపిల్లల సంబంధాలు ఆ ఒక్క మాటతో తప్పిపోయాయి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. పన్నెండు రాశుల ఫలాలూ పేర్లు కొట్టేసి కలిపి, ఇంట్లోవాళ్లను తమది ఏదో ఏరమనండి. ఏరలేకపోతే, ఫలాలకు దక్షిణ ఇవ్వడం ఆ రోజుతో ఆపేయండి.