ఇంటి సంగతులు: పాత కంప్యూటరు మొరాయించినప్పుడు

సిరుగుప్ప తాలూకా నుండి ఒక సోదరి మాకు పెద్ద జాబు వ్రాసినారు. వారింట పద్దెనిమిదేండ్లనాటి కంప్యూటరు ఒకటి వున్నదట. మామగారు ఉద్యోగ విరమణ తరువాత దాని ముందు కూర్చుండి తమ వంశవృక్షమును, ఊరి సంగతులను, తమ తల్లి చెప్పిన పాత ముచ్చట్లను తెలుగులో టైపు చేసి దాచినారట. ఆయన ఇప్పుడు లేరు. మొన్న కరెంటు పోయి వచ్చిన తరువాత మీట నొక్కితే నల్లని తెరమీద ఫలానా ఫైలు లేదు, లేక చెడినది అని నాలుగు ఇంగ్లీషు పంక్తులు వచ్చి, యంత్రము అక్కడనే నిలిచిపోయినది. మరమ్మతు అబ్బాయి చూచి, "ఫార్మాట్ కొట్టాలక్కా, వేరే దారి లేదు" అన్నాడట. పిల్లలేమో పాత సామానువానికి వేసేయమంటున్నారు.

ఫార్మాటుకు ఒప్పుకొనవద్దని ఆమెకు వెంటనే ఫోను చేసి చెప్పినాము. ఇటువంటి పెట్టెలు మన సభ్యుల ఇండ్లలో ఇంకను చాలా వున్నవి గనుక తక్కిన సంగతి ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా ఒకటి తేల్చుకొనవలెను. ఆ పెట్టెలో పోగొట్టుకొనరానిది ఏది? విండోస్ ఫైళ్లు కావు. అవి లక్షల యంత్రములలో ఒకే మాదిరిగా వుండేవి. ఒకచోట చెడితే మరొకచోటునుండి తెచ్చుకొనవచ్చును. పొలము పహణీ కాగితము పోయినా తాలూకా కచేరీలో రుసుము కట్టి మరల తీసుకొనవచ్చును. మామగారు వ్రాసిన పుటలకు మాత్రము రెండవ ప్రతి లేదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయి బళ్లారి మైసూరులో కలిసినప్పుడు, ఒకే ఇంటివారు గీతకు ఇటు కొందరు, అటు కొందరు అయినారు. ఎవరి కొమ్మ ఎక్కడ వున్నదో ఎరిగిన పెద్దలు ఒకరొకరుగా వెళ్లిపోవుచున్నారు. మనుమలు కన్నడము, ఇంగ్లీషు చదువుచున్నారు. ఆ పుటలు పోతే తిరిగి చెప్పేవారు ఆ ఇంట ఎవరు?

కాబట్టి మరమ్మతు రెండవ పని. నకలు తీయుట మొదటి పని. ఈ వరుస తప్పించి చేసే మరమ్మతువాడు ఎంత నేర్పరి అయినా మాకు నమ్మకము లేదు. ఫార్మాటు చేసి కొత్తగా విండోస్ వేస్తే యంత్రము చక్కగా నడుచును, అందులో సందేహము లేదు. ఇల్లు ఖాళీ చేయించి సున్నము కొట్టినంత శుభ్రముగా వుండును. సామానే వుండదు.

నకలు తీయుటకు చెడిన విండోస్ లేవనక్కరలేదు. పెట్టె విప్పి హార్డు డిస్కును బయటకు తీసి, యూఎస్‌బీ తీగగల చిన్న అడాప్టరుకు తగిలించి, దానిని మరొక మంచి కంప్యూటరుకు కలుపవచ్చును. డిస్కుకు అరచేయి వెడల్పున బల్లపరుపు తీగ వుంటే అది ఐడీఈ రకము, సన్నని తీగ వుంటే సాటా రకము. రెంటికీ పనికివచ్చే అడాప్టరు అడిగి కొనవలెను. విప్పుట ఇష్టము లేనివారు పప్పీ లినక్స్ వంటి చిన్న వ్యవస్థను సీడీలోనో పెన్‌డ్రైవులోనో వేసి, దానితో పాత యంత్రమునే లేపవచ్చును. అది డిస్కులోని విండోస్‌ను ముట్టుకొనదు. మన ఫైళ్లను చూపును, అంతే. చాలా పాత యంత్రములు పెన్‌డ్రైవుతో లేవవు, వాటికి సీడీయే గతి.

విండోస్ ఎక్స్‌పీ అయితే 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' అను అరలోను, తరువాతి విండోస్‌లలో 'యూజర్స్' అను అరలోను మనవారి పేరుతో ఒక అర వుండును. దానిని మొత్తముగా నకలు చేయవలెను. డెస్క్‌టాపుమీద వున్నవి కూడ అందులోనివే. పెద్దలు కొందరు డి డ్రైవులో దాచేవారు, అక్కడ కూడ వెదకవలెను. డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేయుచున్నదంటే మాత్రము పదేపదే ప్రయత్నింపక ఆపివేయుట మేలు. అది యంత్రభాగములు అరిగిన గుర్తు. అటువంటి డిస్కులనుండి సమాచారము తీసేవారు పెద్ద పట్టణములలో వున్నారు, ఖర్చు మాత్రము ఎక్కువ.

నకలు చేయునప్పుడు మరువరాని అర ఇంకొకటి వున్నది. విండోస్ అరలోపల 'ఫాంట్స్' అను అర. నూటికి తొంబదిమంది దీనిని వదలివేయుదురు, తరువాత తల పట్టుకొందురు.

యూనికోడు అను పద్ధతిలో తెలుగుకు 1991 నుండియే స్థానము వున్నది. విండోస్‌లో అది ఇంటింటికి వచ్చినది 2001లో ఎక్స్‌పీతో. ఆ ఎక్స్‌పీలో తెలుగు ఫాంటుకు గౌతమి అని, కన్నడ ఫాంటుకు తుంగ అని పేర్లు. రెండూ నదుల పేర్లే. గోదావరి నీరు ఎరుగని మన ఇండ్లలో గౌతమి, తుంగ పక్కపక్కన చేరినవి! కాని ఎక్స్‌పీలో ఆ సదుపాయము దానంతట అది పనిచేయదు. కంట్రోలు ప్యానెలులోనికి వెళ్లి, సీడీ పెట్టి దానిని వేసుకొనవలెను. అందుచేత ఎందరో పెద్దలు అచ్చాఫీసులవారు వాడే అను ఫాంటుల వంటి పాత పద్ధతులలోనే టైపు చేసినారు. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరముల, గుర్తుల స్థానములలో తెలుగు అక్షరపు ముక్కలు బొమ్మలుగా వుండును. కంప్యూటరు దాచుకొనేది ఇంగ్లీషు గుర్తులనే. చూపునప్పుడు మాత్రము ఫాంటు వాటికి తెలుగు వేషము వేయును. ఫాంటు లేని యంత్రములో ఆ ఫైలు తెరిస్తే, "ఇదేదో వైరస్ తిన్నది" అనుకొనేటట్లు అర్థము లేని గుర్తుల గుంపు కనబడును. అదే ఫాంటు తిరిగి పెట్టగానే తాతగారి మాటలు పంక్తులు తీరి నిలుచును. వైరస్ అనుకొని తుడిచివేయబడిన వంశచరిత్రలు ఎన్ని వున్నవో!

ఫాంటుతోసహా నకలు చేతికి వచ్చినదంటే సగము యుద్ధము గెలిచినట్లే. వర్డు ఫైళ్లయితే కొత్త కంప్యూటరులో ఆ ఫాంటు వేసి, లిబ్రెఆఫీసు వంటి ఉచిత సాధనముతో తెరచి, పీడీఎఫ్‌గా మార్చి వుంచుకొనవలెను. పీడీఎఫ్‌లో ఫాంటు కూడ లోపలనే ఇమిడిపోవును గనుక ఇక ఎక్కడ తెరిచినా తెలుగే కనబడును. కాగితముమీద కూడ ఒక ప్రతి అచ్చు తీయించవలెను. పాత ఫాంటులోని వ్రాతను యూనికోడులోనికి మార్చే పరికరములు దొరుకును గాని, ఒత్తుల దగ్గర పొరపాట్లు చేయును. తెలుగు బాగుగా వచ్చినవారు ఒకరు కూర్చుండి పీడీఎఫ్‌తో పోల్చి చదువవలెను. ముఖ్యముగా మనుష్యుల పేర్లను.

ఇంతవరకు చేసినవారికి పాత యంత్రమును బాగుచేయు అవసరమే లేకపోవచ్చును. అయితే ఆ వ్రాత పేజ్‌మేకరులో కూర్చినదైతే ఇప్పటి యంత్రములలో సరిగా తెరుచుకొనుట కష్టము. పాత పెట్టెయే లేవవలెను. ఇప్పుడు మరమ్మతు సంగతికి వత్తము.

విండోస్ అనేది ఒక వస్తువు కాదు, వేలకొలది ఫైళ్ల కాపురము. ఒకటి ఇంకొకదానిని పిలుచును, అది మరొకదానిని పిలుచును. నడుమ ఒకటి పలుకకపోతే పని అక్కడ ఆగును. చెడుటకు కారణములు మనకు తెలియనివి కావు. వ్రాయుచుండగా కరెంటు పోవును. సగము వ్రాసిన ఫైలు సగముగానే మిగులును. యూపీఎస్ వున్నదిగదా అందురు, దానిలోని బ్యాటరీ రెండు మూడేండ్లలో చచ్చిపోవునని గుర్తుండదు. రెండవది వేడి, దుమ్ము. మన ఎండలు, మన ఎర్రదుమ్ము వేరే చెప్పనక్కరలేదు. సండూరు దారి పక్కన వుండేవారు పెట్టె మూత తీసి చూస్తే లోపలి ఫ్యాను గాజు మన్ను పూసినట్లు వుండును. మూడవది డిస్కుమీద పుండ్లు పడుట. వైరసు అందరూ అనుకొనేంత తరచు కాదు.

అందుచేత ఫైళ్ల జోలికి పోకముందు తీగ పీకి, పెట్టె తెరచి, మెత్తని కుంచెతో దుమ్ము తీయవలెను. మెమరీ పలకను మెల్లగా ఊడదీసి, బంగారు రంగు అంచును రబ్బరుతో తుడిచి, తిరిగి నొక్కి పెట్టవలెను. తేదీ ఎన్నో ఏండ్ల వెనుకకు పోవుచున్నదంటే లోపలి సీఆర్ 2032 అను రూపాయి బిళ్లవంటి బ్యాటరీ అయిపోయినదన్నమాట. గడియారముల అంగడిలో కూడ దొరుకును.

సిరుగుప్ప సోదరి వ్రాసి పంపిన పంక్తులలో 'సిస్టమ్32' అరలోని 'కన్‌ఫిగ్' అరలో 'సిస్టమ్' అను ఫైలు పేరు వున్నది. అది రిజిస్ట్రీలోని భాగము. యంత్రములో ఏ పరికరము ఎక్కడ వున్నదో వ్రాసుకొనే చిట్టా అనుకొనవచ్చును. కరెంటు పోయి వచ్చిన తరువాత ఎక్స్‌పీలో ఎక్కువగా చెడేది ఇదే. ఎక్స్‌పీ సీడీతో యంత్రమును లేపి, మొదటి తెరమీద ఆర్ అక్షరము నొక్కితే రికవరీ కన్సోలు వచ్చును. అక్కడ చెక్‌డిస్క్ అను ఆజ్ఞను ఆర్ గుర్తుతో నడిపితే డిస్కుమీది లోపములను వెదకి సరిచేయును. గంటలు పట్టవచ్చును, కంగారుపడి నడుమ ఆపరాదు. ఒక్కొక్కసారి దీనితోనే యంత్రము లేచును. లేవకపోతే 'రిపేర్' అను అరలోని పాత చిట్టాను తెచ్చి పెట్టి, లేచిన తరువాత సిస్టమ్ రీస్టోరు దాచిన ఇటీవలి చిట్టాకు మారుట ఒక పద్ధతి. అయితే కంపెనీవారే విండోస్ వేసి అమ్మిన యంత్రములకు ఈ పద్ధతి వాడవద్దని మైక్రోసాఫ్టువారే హెచ్చరించినారు. ఈ పని తెలిసినవారి చేత చేయించుట మంచిది.

విండోస్ లేచుచున్నది గాని పదేపదే తప్పులు చూపుచున్నదంటే పని సులభము. కమాండు ప్రాంప్టు అను నల్లని కిటికీని అడ్మినిస్ట్రేటరు హోదాతో తెరచి, ఎస్, ఎఫ్, సీ అను మూడు అక్షరములు, ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, దానికంటి స్కాన్‌నౌ అను మాట కొట్టి ఎంటర్ నొక్కవలెను. ఇది విండోస్ కాపలా కాచే ఫైళ్లను ఒక్కొక్కటిగా తన దాపులోని మంచి నకళ్లతో పోల్చి, చెడినదానిని మార్చును. ఎక్స్‌పీలో ఆ దాపు పేరు డీఎల్ఎల్‌కాష్. అందులో లేకపోతే సీడీ అడుగును. యంత్రములో మూడవ సర్వీసు ప్యాకు వుండి సీడీ రెండవదైతే పేచీ పెట్టును. విండోస్ 7లో సీడీ అడుగదు. అన్నీ సరిగా వున్నవని గాని, చెడినవి బాగుచేసితినని గాని, కొన్ని నా వల్ల కాలేదని గాని చివర చెప్పును. కాలేదంటే సేఫ్ మోడులో మరల నడిపి చూడవలెను. విండోస్ 8, 10లలో దాపే చెడి వుండవచ్చును గనుక, ముందు డిస్మ్ అను ఆజ్ఞతో దాపును బాగుచేసి, తరువాత దీనిని నడుపవలెను.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోతే, ఇంజనీర్లు నీళ్లు పారుచుండగానే స్టాప్‌లాగు పలకలు దింపి ఆపినారు. మన కంప్యూటరుకు అంత సాహసము అక్కరలేదు. వాడుకలో వున్న ఫైలును అప్పుడే మార్చలేకపోతే, ఆపి మరల లేపినప్పుడు మార్చుకొనును. మనము చేయవలసినదల్లా దానిని లేవనిచ్చుట.

పోయిన ఫైలు పేరు వెదకి, ఇంటర్నెట్టులో ఎవరో పెట్టిన డీఎల్ఎల్‌ను తెచ్చి వేసుకొనేవారు వున్నారు. దారిలో దొరికిన మాత్ర మింగినట్లే అది. రిజిస్ట్రీని శుభ్రము చేతుమనే సాధనములు కూడ మేలుకంటే కీడే ఎక్కువ చేయును. ఇక, "మీ కంప్యూటరులో తప్పులు వున్నవి, మేము మైక్రోసాఫ్టునుండి" అని ఫోను చేసేవారు ఈవెంట్ వ్యూయరు తెరిపించి ఎర్రగుర్తులు చూపి భయపెట్టుదురు. ఆ ఎర్రగుర్తులు ఆరోగ్యముగా వున్న యంత్రములో కూడ వుండును. మైక్రోసాఫ్టు ఎవరికీ అట్లు ఫోను చేయదు. డబ్బు పోయినదంటే ఆలస్యము చేయక 1930కు ఫోను చేయవలెను.

లేచిన పాత యంత్రమును ఇంటర్నెట్టుకు కలుపవద్దు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్టు పోషణ ముగిసినది. విండోస్ 10కి కూడ సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో సరి. బ్యాంకు పనులు దానిమీద అసలే చేయరాదు. పాత వ్రాత తెరచుటకు, చదువుటకు, అచ్చు తీయుటకు మాత్రము ఇంకను కొన్నేండ్లు పనికివచ్చును.

ఐడీఈ, సాటా రెంటికీ పనికివచ్చే అడాప్టరు ఒక ఇంటికి ఏడాదికొకసారి కూడ అక్కరరాదు. సంఘము తరఫున ఒకటి కొని కార్యాలయములో వుంచితే అక్కరవున్నవారు తీసుకొనిపోయి తిరిగి తెచ్చి ఇవ్వవచ్చునని మా ఆలోచన. ఎక్స్‌పీ మూడవ సర్వీసు ప్యాకు సీడీ ఎవరి బీరువాలోనైనా వుంటే, గీతలు పడినదైనా సరే, మాకు ఒక ముక్క వ్రాయండి.