శ్రీహరికోట రోడ్డు: రాకెట్‌కు దారి.. పులికాట్‌కు అడ్డుకట్టా?

వీకెండ్‌కి సముద్రం వైపు వెళ్దామనుకునే కూకట్‌పల్లి వాసులకు ఓ రూట్ బాగా తెలుసు. ఇంటి ముందున్న 65వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే విజయవాడ. అక్కడ 16వ నంబర్ హైవే పట్టుకుంటే ఒంగోలు, నెల్లూరు దాటాక సూళ్లూరుపేట. అక్కడి నుంచి ఎడమకు తిరిగితే సుమారు 18 కిలోమీటర్ల రోడ్డు. రెండు పక్కలా నీళ్లు.. చలికాలమైతే గుంపులుగా ఫ్లెమింగోలు. చివర్లో శ్రీహరికోట.

రీల్స్‌లో అదిరిపోయే ఈ రోడ్డు మీద ఏళ్ల తరబడి ఓ చర్చ నడుస్తోంది. అదేంటో చూద్దాం.

అసలు ఈ రోడ్డు ఎందుకు వేశారు?

శ్రీహరికోట.. బంగాళాఖాతానికి, పులికాట్ సరస్సుకి మధ్య గోడలా నిలిచిన ఇసుక దీవి. 1969లో రాకెట్ కేంద్రం కోసం దీన్ని ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. మనుషులు, సామగ్రి దీవికి చేరాలంటే సరస్సును దాటాలి. అందుకే నీళ్ల మధ్య కట్ట పోసి రోడ్డు వేశారు.

సమస్య ఎక్కడ?

చిలికా తర్వాత దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. లోతు చాలా తక్కువ. కాళంగి, అరణి నదుల మంచినీళ్లు, సముద్రపు ఉప్పునీళ్లు కలిస్తేనే ఇక్కడ చేప, రొయ్య పెరుగుతాయి. కట్ట సరస్సును రెండుగా చీల్చింది. దాని కిందున్న తూముల గుండా వెళ్లే నీళ్లు తక్కువ. దీంతో ఉత్తర భాగం ఎండాకాలంలో బీటలు వారుతోంది.

అలాగని తప్పంతా రోడ్డుదే అనలేం. రాయదొరువు దగ్గర సముద్ర ముఖద్వారం ఇసుకతో పూడిపోయింది. నదులు తెచ్చే ఒండ్రు కూడా ఏటా పేరుకుంటోంది. ముఖద్వారం తెరిచే పనులకు 2023 నవంబర్‌లో అప్పటి సీఎం జగన్ శంకుస్థాపన చేశారు. కానీ ఇక్కడో మెలిక ఉంది. ముఖద్వారం తెరిచినా కట్ట దగ్గర నీళ్లు ఆగిపోతే, ఫలితం సగమే!

నష్టం ఎవరికి?

ముందు మత్స్యకారులకు. ఇరకం దీవి వాళ్లు ఇప్పటికీ భీములవారిపాలెం రేవుకి పడవ మీదే వస్తారు. వాళ్లకు నీళ్లే దారి, నీళ్లే జీవనాధారం. తర్వాత పక్షులకు. ఫ్లెమింగోకి మోకాలి లోతు నీళ్లు చాలు.. అసలు నీళ్లే లేకపోతే మాత్రం అది రాదు. 1976 నుంచి ఇది పక్షుల అభయారణ్యం. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగేదీ ఈ పక్షుల పేరు మీదే.

ఇప్పుడే ఎందుకు ఆలోచించాలి?

2025 జనవరిలో రూ.3,984.86 కోట్లతో మూడో లాంచ్ ప్యాడ్‌కు కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. గడువు 48 నెలలు. 2019లో లాంచ్ వ్యూ గ్యాలరీ తెరిచాక సామాన్య జనం కూడా కార్లేసుకుని వస్తున్నారు. అంటే రోడ్డు మీద లోడ్ పెరగడం ఖాయం. రేపో మాపో వెడల్పు చేయాల్సి వస్తే, రెండు దారులున్నాయి. పాత కట్టనే ఇంకాస్త వెడల్పు చేయడం ఒకటి. కట్ట తీసి, కీలకమైన చోట్లయినా పిల్లర్ల మీద వంతెన వేయడం రెండోది. మొదటిది చవక. రెండోది వేస్తే రాకెట్ విడిభాగాలూ వెళ్తాయి, కింద నీళ్లూ కదులుతాయి.

అంతరిక్ష కేంద్రానికి రోడ్డు కావాల్సిందే, అందులో డౌట్ లేదు. ఆ రోడ్డు కింద సరస్సుకి కూడా దారి ఇస్తారా లేదా అన్నదే ఇప్పుడు తేలాలి. ఈసారి అటకానితిప్ప దగ్గర కారాపి సెల్ఫీ తీసుకునేటప్పుడు ఒక్కసారి రోడ్డుకి రెండు వైపులా చూడండి. నీళ్లు ఎటు ఉన్నాయో, ఎటు లేవో తెలుస్తుంది.