ముందు ఎవరు తగ్గాలి?



ధారూర్ జాతర ముగిసిన వారంలో మన సంఘంలోని ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపి అడిగింది: “అయ్యగారూ, జాతరల అందరం ఒక్క చెట్టు కింద వండుకొని తిన్నం. ఊర్లె ఒక్క గుడిల కూసునేటందుకు ఏమొచ్చింది?”

మాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆమె అడిగింది నిజమే కదా. ప్రతి నవంబరులో ఆ మైదానం మనందరికీ తెలిసిందే. రైలు దిగి నడిచి వచ్చేవారు, కర్ణాటక నుండి వచ్చేవారు, పిల్లాపాపలతో గుడారాలు వేసుకునేవారు. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేస్తే, పక్క గుడారం వాళ్ళు ఉప్పు అడుగుతారు, కట్టెలు ఇస్తారు. నీది ఏ సంఘం, ఏ వాడ అని అడిగి ఇచ్చేవారు తక్కువ. అక్కడ కూడా వేదిక మీద కుర్చీల పోటీ లేదని మేము చెప్పం. కానీ చాప మీద కూర్చున్నవారి మధ్య అది కనిపించదు.

ఊరికి తిరిగొస్తే కథ మారుతుంది. ఒకే వాడలో రెండు మందిరాలు, ఒక్కోచోట మూడు. ఎందుకు విడిపోయారని అడిగితే వాక్యం విషయంలో భేదం వచ్చిందనే మాట మేము ఎక్కువగా వినలేదు. క్రిస్మస్ వేదిక మీద తన పేరు పిలవలేదు. కమిటీలో చోటు దక్కలేదు. కానుకల లెక్క అడిగితే కోపం వచ్చింది. ఇంకోచోట, పైకి చెప్పరు గానీ, మాల మాదిగ తేడా. బాప్తిస్మపు నీళ్ళలో దాన్ని వదిలేశామని సాక్ష్యం చెప్తాం. పెళ్ళి సంబంధం దగ్గర, పెద్దల ఎన్నిక దగ్గర మళ్ళీ ఎత్తుకుంటాం.

ఈ మాటలు మీ మీదికి విసిరి మేము తప్పుకోవడం లేదు. కొన్నేళ్ళ క్రితం మా సంఘం నుండి కోపంతో విడిపోయిన ఒక కుటుంబంలో తండ్రి ప్రభువునందు నిద్రించాడు. మమ్మల్ని పిలవలేదు గదా అని మేము వెళ్ళలేదు. పిలవకుండా పోతే మర్యాద కాదని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. అది మర్యాద కాదు, అహంకారం. తర్వాత ఆ ఇంటి గడప తొక్కడానికి మాకు ఏడాది పట్టింది. ఆ ఏడాది మేము ఐక్యత గురించి ఎన్ని ప్రసంగాలు చేశామో దేవునికే తెలుసు.

పెద్ద సంఘాలు కలవడమే కష్టం, మనమెంత అనుకునేవారికి మన తెలుగు నేల మీది సంగతి ఒకటి గుర్తుచేస్తాం. డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారు 1912లో అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1919లో తరంగంబాడిలో కొందరు సేవకులు కూడుకొని, దక్షిణ భారతంలో సంఘాలు విడివిడిగా ఉండటం సువార్తకే అడ్డమని తీర్మానించారు. ఆ పని నడిపించినవారిలో ఆయన ముందున్నారు.

చిక్కు ఎక్కడ వచ్చింది? గురువు ఎవరు అనే దగ్గర. ఆంగ్లికన్లకు బిషప్ చేతులుంచి నియమించినవాడే గురువు. కాంగ్రిగేషనల్ వారికి బిషప్ అధికారం అంటేనే అనుమానం. ఇరువైపులా తమదే సరి అని గట్టిగా నమ్మినవారే. చివరికి బిషప్పులు లేనివారు బిషప్పులను ఒప్పుకున్నారు. బిషప్పులు ఉన్నవారు, వేరే పద్ధతిలో అప్పటికే నియమితులైన గురువులను మళ్ళీ అభిషేకించకుండానే అంగీకరించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఇరవై ఎనిమిదేళ్ళ ప్రయాస. అజరయ్య గారు ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. తన పేరు పిలవని వేదిక కోసం ఆయన పాతికేళ్ళు పనిచేశారు.

అందరూ చేరలేదు. నంద్యాల ప్రాంతంలో కొందరు ఆంగ్లికన్లు చాలా ఏళ్ళు బయటే ఉన్నారు. అమెరికా మిషనరీల ద్వారా వచ్చిన మన మెథడిస్టు సంఘం కూడా వేరుగానే కొనసాగింది. బ్రిటిష్ మెథడిస్టుల మెదక్ వైపు సంఘాలు కలిశాయి. అది తప్పా ఒప్పా అని తీర్పు చెప్పడం మా పని కాదు. బోర్డు మీద పేరు ఒకటైనంత మాత్రాన మనసులు ఒకటి కావు. కానీ ఒక్క సంగతి మాత్రం స్పష్టం. తమకు గొప్ప అనిపించినదాన్ని ఇరువైపులా కొంత కింద పెట్టకుండా ఆ ఐక్యత రాలేదు.

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక రెండో అధ్యాయంలో క్రీస్తు తగ్గింపును చూపించి, నాలుగో అధ్యాయంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను ఏకమనస్సు కలిగి ఉండమని బతిమాలాడు. తప్పు ఎవరిదో చెప్పలేదు. ఇద్దరినీ విడివిడిగా పేరు పెట్టి బతిమాలాడు. తప్పు చేసినవాడు తగ్గితే అది పశ్చాత్తాపం. తన తప్పు లేదని తెలిసినవాడు తగ్గితేనే దీనమనస్సు. క్రీస్తు తగ్గింది ఆయన తప్పు వల్ల కాదు కదా.

అయితే ఒక హెచ్చరిక. తగ్గింపు పేరు చెప్పి బలహీనుల నోరు మూయించకూడదు. కానుకల లెక్క అడిగిన సహోదరిని “ఐక్యత చెడగొడుతున్నావు” అనడం పాపం. కులం పేరుతో అవమానపడినవాణ్ణి “తగ్గించుకో తమ్ముడూ” అనడం ఇంకా పెద్ద పాపం. ముందు తగ్గవలసింది కుర్చీలో ఉన్నవాడు. అంటే ముందు మేము, తర్వాత పెద్దలు.

కాబట్టి వచ్చే ప్రభురాత్రి భోజనపు ఆదివారానికి ముందు మేము ఒక పని చేస్తాం. మన నుండి వెళ్ళిపోయిన ప్రతి ఇంటికి, పిలవకపోయినా, వెళ్తాం. మళ్ళీ మన మందిరానికే రండి అని అడగం. క్షమించమని అడుగుతాం. సంఘం లెక్కలు అందరి ముందు చదివిస్తాం. మీలో ఎవరికి ఎవరి మీద మాట ఉందో మీకే తెలుసు. బలిపీఠం దగ్గర అర్పణం విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి ఐదో అధ్యాయంలో చెప్పాడు. ఆ ఇంటి దాకా నడిచే దూరం ధారూర్ మైదానానికి నడిచిన దూరం కంటే తక్కువే.

పెద్దమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఆలస్యంగా ఇస్తున్నాం. ఊర్లో ఒక్క గుడిలో కూర్చోవడానికి అడ్డమొచ్చింది మేమే. ప్రభువు మమ్మల్ని తగ్గించి, తన సంఘాన్ని కట్టును గాక. ఆమేన్.