కృప

కనికరం, కృప అనే మాటలను మనం తరచు ఒకే అర్థంలో వాడుతుంటాం. క్రైస్తవ ధర్మం ఈ రెండింటి నడుమ సూక్ష్మమైన భేదాన్ని పాటిస్తుంది. దండనకు తగినవాణ్ణి దండింపక విడిచిపెట్టడం కనికరం. అర్హతను ఎంచకుండా మేలు చేయడం కృప.

మత్తయి సువార్తలో క్రీస్తు చెప్పిన కథ ఒకటి ఉంది. పదివేల తలాంతులు బాకీపడిన సేవకుడు రాజు కాళ్లపై పడి గడువు వేడుకొన్నాడు. రాజు జాలిపడి అప్పంతా మాఫీ చేశాడు. ఆ సేవకుడే బయటకు వచ్చి, తనకు నూరు దేనారాలు ఇవ్వవలసిన తోటివాని గొంతు పట్టుకొని చెరసాలలో వేయించాడు. దేనారం ఆనాటి కూలివాని ఒకరోజు వేతనం. తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే 6 కోట్ల దినాల కూలి మాఫీ పొందినవాడు 100 దినాల కూలిని క్షమించలేకపోయాడు! రాజు ఆగ్రహానికి కారణం అప్పు కాదు, ఆ కాఠిన్యం.

గుమ్మఘట్ట సీమ విద్యార్థికి అప్పు బరువును వేరుగా వివరించనక్కరలేదు. వేదవతిపై నిర్మించిన భైరవానితిప్ప జలాశయం సైతం ఏళ్ల తరబడి నీరు లేక బోసిపోయిన కాలాలున్నాయి. వాన మొహం చాటేస్తే వేరుశనగ చేలోనే ఎండుతుంది. పెట్టుబడి మాత్రం బాకీగా మిగులుతుంది.

ఈ కరవు నేలపై కృపకు ఆచరణ రూపమిచ్చినవాడు విన్సెంట్ ఫెర్రర్. 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో జన్మించి, 1952లో జెసూట్ సభ పక్షాన భారతదేశానికి వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతుల పక్షాన నిలిచినందుకు 1968లో దేశం విడిచిపోవలసి వచ్చింది. ఆయన కక్ష పూనలేదు. 1969లో తిరిగివచ్చి అనంతపురాన్ని కర్మభూమిగా ఎంచుకొన్నాడు. 1970లో సభను వీడి, గృహస్థుడై, గ్రామీణాభివృద్ధి సంస్థ ద్వారా సేవ సాగించాడు. బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆసుపత్రులు వెలిశాయి. దళితవాడలలో కట్టిన ఇళ్లు స్త్రీల పేరున నమోదయ్యాయి. సాయానికి మతం షరతు కాలేదు. 2009లో కన్నుమూసిన ఆయన బత్తలపల్లిలో శాశ్వత విశ్రాంతి పొందుతున్నాడు.

అర్హత చూడని మేలు సోమరితనాన్ని పెంచుతుందని కొందరి వాదం. కాని వాన కురవకపోవడం రైతు చేసిన తప్పా? తన పేరున ఇల్లు పొందిన స్త్రీ యాచకురాలు కాలేదు, యజమానురాలయింది. పుచ్చుకొన్నవారిని తలవంచుకొనేట్లు చేసేది దానమే కావచ్చు, కృప మాత్రం కాదు. ఈ భావం మనకు కొత్తదీ కాదు. భాగవతంలో రంతిదేవుడు దప్పికతో అలమటిస్తూనే, తనకు మిగిలిన కాసిన్ని నీళ్లను పుల్కసునికి ఇచ్చివేశాడు, కులం అడగలేదు.

కృప చూపడానికి ఆసుపత్రులే కట్టనవసరం లేదు. మిత్రుడు తీర్చలేని చేబదులు, తోటివాడు తొందరపడి అన్న మాట మన నూరు దేనారాలు. కన్నవారు, గురువులు, పరిచయంలేని దాతలు లెక్క చూడకుండా చేసిన మేలుతో పెరిగినవాళ్లం మనం. ఆ చిన్న బాకీల కోసం సాటివాని గొంతు పట్టుకొనే హక్కు మనకెక్కడిది?