చిన్న అక్షరాలు – పెద్ద వడ్డీ

పిల్లలూ! 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులిచ్చింది. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

కార్డుతో కొన్నదంతా అప్పే. బిల్లుమీద "కనీసం కట్టవలసినది" అని ఒక అంకె ఉంటుంది. బాకీ 10,000 రూపాయలైతే అది 500 అనుకుందాం. అంత కడితే చాలుననిపిస్తుంది. కాని ఒప్పందంలోని చిన్న అక్షరాలలో నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ ఉందనుకోండి. వడ్డీ 300, దానిమీద నూటికి 18 చొప్పున పన్ను 54. కట్టిన 500లో అసలుకు చేరేది 146 మాత్రమే! పైగా, బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కొన్ననాటినుంచే వడ్డీ.

గడువులోగా మొత్తం కట్టినవారికి ఈ బెడద లేదు. మీ ఇంటికి బిల్లు వస్తే, ఈ లెక్క మీరే వేసి పెద్దవాళ్లకు చూపించండి.