జెండాకు నియమం ఉంది, శవానికి దారేదీ?

సైనిక లాంఛనాలతో సాగనంపే శవం మీద మూడు రంగుల జెండా కప్పుతారు. ఆ జెండాకు నియమం ఉంది. గోతిలోకి దించకూడదు, చితిమీద కాల్చకూడదు. మట్టి వెయ్యక ముందే తీసెయ్యాలి. దేశ జెండా నియమావళిలో ఇది స్పష్టంగా రాసిపెట్టి ఉంది. మంచిదే, జెండాకు ఆ గౌరవం ఉండాల్సిందే. కానీ ఆ జెండా కింద పడుకున్న మనిషిని ఏ దారిన మోసుకుపోవాలి, ఏ గడ్డన పూడ్చాలి అన్నది మాత్రం ఆ నియమావళిలో లేదు. అది ఇంకా ఊరిపెద్దల నోట్లోనే ఉంది.

మా ప్రాంతంలో ఒక పల్లెలో ఒక మిలిటరీ తాత పోయాడు. హవల్దారుగా రిటైరైన మనిషి. పల్లె పల్లెంతా ఆయన్ని మిలిటరీ తాత అనే పిలిచేది. ఊళ్లో ఆయన కంటే సగం వయసున్న కుర్రాళ్లు మాత్రం 'ఏరా' అనేవాళ్లు. పల్లె సమాధులు వాగు అవతల ఉన్నాయి. దారి ఒక ఆసామి చేలోంచి పోవాలి. ఆ రోజు పైరు మీద ఉంది. "తొక్కిన పైరుకు ఎవడు కడతాడు?" అని గట్టు మీద కర్రలు పట్టుకుని నిలబడ్డారు. పాడె రోడ్డు మీద మూడు గంటలు ఆగింది. చివరికి మనోళ్లు నడుం లోతు వాగులో దిగి మోసుకుపోయారు. తోటి మాజీ సైనికులు కప్పిన జెండా తడవకుండా ఒక కుర్రాడు దాన్ని మడిచి తలమీద పెట్టుకుని నడిచాడు. పాడె మోసినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ రోజు జెండా తడవలేదు. తాత తడిశాడు.

ఇది ఒక్క మా ప్రాంతం ముచ్చట కాదు. 2016 జూన్ 25న కశ్మీర్‌లోని పాంపోర్ దగ్గర సీఆర్‌పీఎఫ్ బస్సు మీద దాడి జరిగి 8 మంది జవాన్లు చనిపోయారు. వాళ్లలో ఒకాయనది ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ జిల్లా, నట్ కులం. శవం ఊరికి వచ్చింది. పంచాయతీ భూమిలో దహనానికి, తర్వాత విగ్రహం పెట్టుకోవడానికి చోటు అడిగితే పైకులాల వాళ్లు అడ్డం తిరిగారని పత్రికలన్నీ రాశాయి. అధికారులు వచ్చి గంటల తరబడి బతిమాలితే 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు జాగాకు ఒప్పుకున్నారు. దేశం మొత్తం అమరుడని పొగిడిన మనిషికి పుట్టినూళ్లో దొరికింది అంత!

ఎందుకిలా జరుగుతోంది? అసలు సంగతి ఇక్కడుంది. మన దేశంలో యుద్ధంలో చనిపోయిన వాళ్లకు ఒకప్పుడు చాలావరకు సరిహద్దు దగ్గరే తోటి సైనికులు దహనమో ఖననమో చేసేవాళ్లు. 1999 కార్గిల్ యుద్ధం నుంచి శవపేటికను సొంతూరికి పంపడం ఆనవాయితీ అయింది. కన్నతల్లికి ఆఖరి చూపు దక్కింది. అది న్యాయమే. కానీ సైన్యం బాధ్యత ఊరి పొలిమేర దాకా వచ్చి, తుపాకులు గాల్లో పేల్చి, అక్కడితో ఆగిపోతుంది. తర్వాత శవం ఎవరి చేతిలో పడుతుంది? ఊరి చేతిలో. ఊరంటే ఏంటో మనకి ఒకరు చెప్పాలా? ఊరికొక శ్మశానం, పల్లెకొక వాగు ఒడ్డు. బతికినన్నాళ్లూ బావి వేరు, గ్లాసు వేరు. చచ్చాక మట్టి కూడా వేరే.

సముద్రాల అవతల ఇలాంటిదే ఒకటి జరిగింది. మనోళ్లు తెలుసుకోవాలి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో త్రీ రివర్స్ అనే చిన్న ఊరు. అక్కడి ఫెలిక్స్ లొంగోరియా అనే మెక్సికన్ సంతతి సైనికుడు 1945లో ఫిలిప్పీన్స్‌లో యుద్ధంలో చనిపోయాడు. శవం 1949లో గానీ ఇంటికి రాలేదు. ఆ ఊళ్లో అంత్యక్రియలు జరిపించే హాలు ఒక్కటే ఉంది. అందులో శవాన్ని ఉంచుతామని భార్య అడిగితే, తెల్లవాళ్లకు నచ్చదని యజమాని కుదరదన్నాడు. శ్మశానంలో కూడా మెక్సికన్ల భాగానికి అడ్డంగా ముళ్లకంచె ఉండేది. హెక్టర్ గార్సియా అనే డాక్టరు, తమ జాతి మాజీ సైనికులతో సంఘం కట్టినవాడు, సభ పెట్టి దేశం నలుమూలలకూ టెలిగ్రాములు కొట్టాడు. అప్పుడు సెనేటరుగా ఉన్న లిండన్ జాన్సన్ కల్పించుకున్నాడు. 1949 ఫిబ్రవరి 16న లొంగోరియాను రాజధాని పక్కనున్న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో పూర్తి సైనిక గౌరవంతో పూడ్చారు.

ఇందులో మనం పట్టుకోవాల్సింది సెనేటరు మంచితనాన్ని కాదు. ఊరు కాదన్నప్పుడు పూడ్చడానికి ప్రభుత్వం దగ్గర సొంత జాగా ఉంది, అదీ సంగతి. ఆ దేశంలో 1862లోనే చట్టం చేసి సైనికులకు జాతీయ శ్మశానాలు పెట్టారు. ఇవాళ అర్హత ఉన్న మాజీ సైనికుడికి అందులో గోతి జాగా, తవ్వకం, పేరు చెక్కిన రాయి, జెండా అన్నీ ఉచితం. భార్యకూ చిన్నపిల్లలకూ అక్కడే చోటు. అక్కడా మొదట్నుంచీ సమానత్వం ఏడ్వలేదు. 1948లో ట్రూమన్ సైన్యంలో వర్ణభేదం తీసెయ్యమని ఉత్తర్వు ఇచ్చేదాకా ఆర్లింగ్టన్‌లో కూడా నల్లవాళ్ల సమాధులు విడిగానే ఉండేవి. నల్లవాళ్లు కొట్లాడారు, మెక్సికన్లు కొట్లాడారు, గేట్లు తెరుచుకున్నాయి. ఎవరూ పిలిచి ఇవ్వలేదు.

ఇక పేరు సంగతి. చచ్చినోడి పేరు రాయి మీద ఉంటే ఏమొస్తది అని కొందరు అడుగుతారు. బాబాసాహెబ్‌ను అడగండి. 1818 జనవరి 1న భీమా కోరేగావ్‌లో జరిగిన యుద్ధానికి బ్రిటిష్ వాళ్లు స్తంభం కట్టారు. దానిమీద చనిపోయినవాళ్ల పేర్లలో 22 మహార్లవి. అదే బ్రిటిష్ వాళ్లు 1890లు వచ్చేసరికి 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని మహార్లకు సైన్యం తలుపు మూసేశారు. అంబేడ్కర్ పుట్టింది 1891లో మౌ సైనిక కంటోన్మెంట్లో. తండ్రి రాంజీ సుబేదారు, సైనిక బడిలో పంతులు కూడా. తాతలనాటి కొలువు ఆ ఒక్క తరంలో పోయింది. నెత్తురు పోసినా గుర్తుపెట్టుకోకపోతే ఏం జరుగుతుందో ఆయన ఇంట్లోనే చూశాడు. అందుకే 1927 జనవరి 1న ఆ స్తంభం దగ్గరికి వెళ్లాడు. మహార్ రెజిమెంటు మళ్లీ ఏర్పడింది 1941లో. ఆ రాయి మీది పేర్లు ఇంకా కొందరి కళ్లలో గుచ్చుకుంటూనే ఉన్నాయి. 2018 జనవరి 1న అక్కడికి వెళ్తున్న మనోళ్ల మీద దాడులు జరిగింది అందుకే. పేరుకు విలువ లేకపోతే రాళ్లెందుకు విసురుతారు?

తెల్లదొరల లెక్క కూడా చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్లకు హోదా, జాతి, మతం తేడా లేకుండా ఒకే తీరు సమాధులు అని 1917లో యుద్ధ సమాధుల సంఘం పెట్టారు. నూరేళ్ల తర్వాత, 2021లో, ఆ సంఘమే విచారణ చేయించి తప్పు ఒప్పుకుంది. 45 వేల నుంచి 54 వేల మందికి సమానంగా గుర్తింపు దక్కలేదు. ఇంకో 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరు లేదు, కొందరికైతే అసలు ఏ గుర్తూ లేదు. వీళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, భారతదేశం, ఈజిప్టు మనుషులు. బ్రిటన్ రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మరి మన ఊరి శ్మశానాల మీద ఎవరు విచారణ వేస్తారు? క్షమాపణ చెప్పే నోరు ఏది?

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. రాతి పలకల మీద 25,942 పేర్లు చెక్కారు. ఆ గోడ మీద రెడ్ల వరస, మాలల వరస, మాదిగల వరస అని విడివిడిగా లేవు. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చన్నమాట! ఢిల్లీ గోడ మీద పక్కపక్కన ఉన్న పేర్లు ఊరి మట్టిలో పక్కపక్కన ఎందుకు ఉండకూడదు? మేం అడిగేది ఈ ఒక్క మాటే.

సైనికుడు కాబట్టి ఆరడుగులు ఇవ్వండి అని మేం దేబిరించడం లేదు. నాట్లేసే కూలిమనిషికీ అంతే హక్కుంది. పాకీపని చేసి చచ్చినవాడికీ అంతే హక్కుంది. అయితే సైనికుడి శవం ఒక అబద్ధాన్ని బయటపెడుతుంది. చదువుకుంటే కులం పోద్ది, ఉద్యోగమొస్తే పోద్ది, దేశానికి సేవచేస్తే పోద్ది అని మనకు చెప్తూ వచ్చారు. ప్రాణమే ఇచ్చినా పోలేదు గదా! కాబట్టి మారాల్సింది మన యోగ్యత కాదు, ఊరి పద్ధతి.

ఇప్పుడు కాగితాల సంగతి. మిలిటరీ తాత భార్య పింఛను కోసం ఆరునెలలు తిరిగింది. బాప్తిస్మం పేరు ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, సైన్యం కాగితాల్లో ఇంకొకటి. ఆమె మాతో అన్న మాట మర్చిపోలేం. "మేష్టారూ, ఆయన బతికున్నన్నాళ్లూ నన్ను పేరుపెట్టి పిలిచిందే లేదు. ఇప్పుడు ఆఫీసోళ్లు మూడు పేర్లు చదివి, ఇందులో నువ్వెవరివే అంటన్నారు." దారి అడ్డగించిన ఆసామికి కర్ర ఆయుధం. ఆఫీసుకు పేరులో ఒక్క అక్షరం చాలు.

కాబట్టి తెలుసుకోండి, పదిమందికీ చెప్పండి. మామూలుగా చనిపోయిన పింఛనుదారు భార్యకు ఆఖరి జీతంలో 30 శాతం కుటుంబ పింఛను వస్తుంది. సర్వీసు కారణంగా చావు జరిగితే 60 శాతం. శత్రువుతో పోరులో చనిపోతే ఆఖరి జీతం మొత్తం. పింఛను రాని, 65 ఏళ్లు దాటిన, హవల్దారు హోదా వరకు ఉన్న పేద మాజీ సైనికులకూ వాళ్ల వితంతువులకూ కేంద్ర సైనిక బోర్డు ద్వారా ఇచ్చే సాయాన్ని 2025 నవంబరు నుంచి నెలకు 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. అంత్యక్రియల ఖర్చుకు సాయం కూడా చాలా రాష్ట్రాల్లో ఉంది. ఇవన్నీ అడగాల్సింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో. నోటిమాటతో తిరిగి రావద్దు. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

మనిషి బతికుండగానే చెయ్యాల్సిన పని ఒకటుంది. డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు బయటికి తియ్యండి. భార్య పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే వాటిలో ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఆయన ఉండగానే దిద్దించండి. ఆయన పోయాక దిద్దించాలంటే ఆమె కాళ్లు అరగాల్సిందే. చావును 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఖర్చు లేదు.

అగ్నివీరుల సంగతి ఇంకా దారుణం. 2022లో వచ్చిన ఈ పథకం కింద చేరిన పిల్లవాడు విధుల్లో చనిపోతే 48 లక్షల బీమా, మరికొంత పరిహారం ఇస్తారు. నెలనెలా వచ్చే కుటుంబ పింఛను మాత్రం ఉండదు. 2025 మే నెలలో సరిహద్దులో చనిపోయిన శ్రీ సత్యసాయి జిల్లా తండా కుర్రాడు అగ్నివీరే. రాష్ట్రం డబ్బు ఇచ్చింది, భూమి ఇచ్చింది, మంత్రులు వచ్చారు. సంతోషం. కానీ ఒకే కందకంలో, ఒకే గుండు తగిలి పోయిన ఇద్దరిలో ఒకడి తల్లికి పింఛను ఉండి ఇంకొకడి తల్లికి లేకపోతే, దాన్ని ఏమనాలి? మన వాడల నుంచి, తండాల నుంచి పోయే పిల్లలే ఈ కొలువుకు ఎగబడుతున్నారు. వేరే కొలువు ఎక్కడుంది గనక?

చట్టం మన చేతిలో ఉంది. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ ప్రకారం, శ్మశానాన్ని గానీ దారిని గానీ అందరితో సమానంగా వాడుకోకుండా మనల్ని అడ్డుకోవడం నేరం. ఆరునెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. చర్చికి పోయే మనోళ్లకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఈ రక్షణ కూడా లేకుండా చేసింది. శవాన్ని ఆపినవాడు మాత్రం బైబిలు చూసి ఆపలేదు, కులం చూసే ఆపాడు.

తెలంగాణలో పంచాయతీకొక వైకుంఠధామం కట్టారు. పక్కా షెడ్డు ఉంది, గేటు ఉంది. ఆ గేటులోంచి వాడ శవం కూడా పోతోందా లేదా? పూడ్చుకునే వాళ్లకు లోపల చోటుందా? దానికి పెట్టాల్సిన పరీక్ష ఇదే. ప్రతి ఊళ్లో మన కుర్రాళ్లు ఈ పరీక్ష పెట్టాలి.

మా డిమాండ్లు ఇవి. ఊరికి ఒక్కటే శ్మశానం, దానికి సర్కారు దారి, రెవెన్యూ రికార్డులో పేరు. ఆక్రమించిన పల్లె సమాధుల భూమిని సర్వే చేసి తిరిగి అప్పగించాలి. ఊరు దారివ్వకపోతే గౌరవంగా సాగనంపడానికి ప్రతి జిల్లాలో సైనికులకు ప్రభుత్వ శ్మశానం ఉండాలి. అగ్నివీరుల కుటుంబాలకు సమాన పింఛను ఇవ్వాలి. పల్లె నుంచి సైన్యానికి పోయి వచ్చిన ప్రతి మనిషి పేరూ ఆ ఊరి బడి గోడ మీద రాయాలి. బడిపంతుళ్లం గనక ఆ ఆఖరిది ముందు మా బడి నుంచే మొదలుపెడతాం.

అన్నలారా, అక్కలారా! శవం లేచాక కొట్లాడితే మనిషిని రోడ్డు మీద పెట్టుకుని కొట్లాడాలి. అలా కాకుండా ఈ వారమే మీ ఊరి సర్వే నెంబరు తీయించండి, దారి కొలిపించండి, తహసీల్దారుకు అర్జీ పెట్టండి. వాగు పొంగకముందే పని అయిపోవాలి. ఈసారి మన పాడె నీళ్లలో దిగకూడదు. ఊరి నడివీధిలోంచే పోవాలి.

జై భీమ్!